ముట్టుకోవద్దు, పనిచేస్తోంది

మార్చి 3, సోమవారం

ఉంది. నా పేరు ఉంది!

మూడుసార్లు నేను చూసుకుని, నాలుగోసారి అత్త చేత చదివించాను. తొమ్మిది పేర్లలో ఏడోది. పెద్దావిడ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్, రెండేళ్లు, సముద్రాలు దాటి. ఏప్రిల్ 10న వీడియోలో ఇంటర్వ్యూ. నాన్న ఉంటే ఏమనేవాడో గానీ, ఆయన చెల్లెలు మాత్రం కుట్టుమిషన్ మీంచి కాలు తియ్యకుండానే "అయితే నీ గది ఖాళీ అవుతుందన్నమాట. ఇంకో మిషన్ వేసుకుంటా" అంది. ఈవిడకి గుండె ఉండాల్సిన చోట కొలత టేపు ఉంది.

డాక్టరేట్ వచ్చిన ఐదేళ్ల లోపు వాళ్లకే ఈ ఫెలోషిప్. నాకు ఐదేళ్లు నిండటానికి ఇంకో ఆరు నెలలు. ఏడాదికి ఒక్కసారే పిలుస్తారు. పోయినేడాది వడపోతలోనే పోయాను. కాబట్టి ఇదే ఆఖరిది.

పెద్దావిడ అసలు పేరు రాయడానికి ఇక్కడ కూడా చేయి రావడం లేదు. గుహ పురుగులు కళ్లు ఎలా పోగొట్టుకున్నాయో ఆవిడ రాసిన పేపరు బస్సులో చదువుతూ, దిగాల్సిన స్టాపు దాటి డిపో దాకా వెళ్లిపోయిన దాన్ని నేను. కండక్టర్ వచ్చి భుజం తట్టాడు.

మార్చి 7, శుక్రవారం

ఇంటర్వ్యూకి స్లయిడ్లు చేస్తున్నాను. పదిహేను నిమిషాల్లో తొమ్మిదేళ్లు చెప్పాలి.

చెప్పాల్సింది నిజానికి ఒక్క ముక్కే. నా నత్తలు ఆవగింజంత ఉంటాయి. తెల్లవి, కళ్లు లేవు. పాత సున్నపురాయి గని అడుగున, వెలుగన్నది పడని నీళ్లలో, లక్షల ఏళ్లుగా ఉన్నాయి. వాటి ముత్తాతల ముత్తాతలకి కళ్లుండేవి. వెలుగును పట్టే జన్యువు ఇప్పటికీ ఒంట్లో ఉంది గానీ, మధ్యలో ఒక డీఎన్‌ఏ అక్షరం ఊడి విరిగిపోయి ఉంది. ఒక్క అక్షరం పోతే ఆ తరవాతదంతా అర్థం లేని గోల. కళ్లు వాడలేదు, జన్యువు పాడైంది. నా థీసిస్ అంతా ఇదే. పెద్దావిడ పురుగుల్లోనూ అచ్చం ఇలాగే ఉంది. ఆ జన్యువు ఎప్పుడు చచ్చిందో లెక్క కట్టడమే ఆవిడ కొత్త ప్రాజెక్టు. ఆ ఉద్యోగమూ దానికే.

మార్చి 11, మంగళవారం

ఊడిన అక్షరం దగ్గర అసలు అక్షరాలే స్లయిడ్ మీద వేద్దామని సరదా పుట్టింది. డీఎన్‌ఏని చదివే మెషిన్ ఇచ్చిన పచ్చి ఫైలు తెరిచాను. అందులో ఆ అక్షరం ఉంది. నా ఫైల్లో లేదు.

మెషిన్ తప్పు చదివి ఉంటుంది.

మార్చి 12, బుధవారం

మెషిన్ తప్పే.

మార్చి 14, శుక్రవారం

మెషిన్ తప్పు కాదు. నలభై నత్తలు, నలభైసార్లు చదివింది. నలభైలోనూ ఆ అక్షరం నిక్షేపంగా ఉంది.

తప్పు తాతగారిది. మా ల్యాబ్‌లో 'తాతగారు' అంటే ఒక స్క్రిప్ట్. ముక్కలు ముక్కలుగా దొరికే జన్యువుని ఒక వరసలో అతికిపెట్టే చిన్న ప్రోగ్రాం. కొత్తగా చేరిన వాళ్లకి మొదటిరోజు బీరువా తాళంచెవితో పాటు దీన్నీ ఇస్తారు. ఎవరూ తెరిచి చూడరు. నడిపిస్తారంతే. ఇవాళ తెరిచాను. జన్యువు సూటిగా ఉంటే సరిగ్గానే అతుకుతోంది. తిరగబడి ఉంటే మాత్రం, అక్షరాలు ఒకటి నుంచి లెక్కపెట్టాల్సిన చోట సున్నా నుంచి లెక్కపెట్టి, అతుకు దగ్గర ఒక అక్షరాన్ని కొరికేస్తోంది. మా వృత్తిలో వాళ్లు మాత్రమే చేయగల వెధవ తప్పు. ఆ లైను పైన ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట: 'ముట్టుకోవద్దు, పనిచేస్తోంది.'

సైలెన్సర్ రాసి ఉంటాడు. స్క్రిప్టులన్నీ అప్పట్లో అతనే రాసేవాడు. నాకు సీనియర్, నోరు విప్పని మనిషి, అందుకే ఆ పేరు. నాలుగేళ్ల కిందట వెళ్లి పెద్దావిడ దగ్గరే చేరాడు. నన్ను సిఫార్సు చేసిందీ అతనే.

మార్చి 15, శనివారం

సరిచేసి నడిపాను.

జన్యువు బతికే ఉంది.

ఊరికే బతికి ఉండటం కాదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎక్కడా చెక్కు చెదరలేదు. పైన ఎండలో తిరిగే, కళ్లున్న నత్తల జన్యువు పక్కన పెట్టి చూశాను. అన్నదమ్ముల్లా ఉన్నాయి. అమ్మో! లక్షల ఏళ్లు ఎవరూ దీపం పెట్టని చోట, కళ్లు కూడా పోయాక, వెలుగును పట్టే అక్షరాలు ఇలా ఉండటానికి వీల్లేదు. తల్లి నుంచి పిల్లకి రాసుకుంటూ పోతుంటే ఎక్కడో ఒకచోట చెయ్యి జారాలి. జారిన ప్రతిసారీ ఆ పిల్ల బతకలేదన్నమాట. వాడకుండా ఇంత భద్రంగా ఏదీ మిగలదు. మరి కళ్లు లేని నత్త దీంతో ఏం చేసుకుంటోంది?

కుర్చీలో అలా ఎంతసేపు కూచున్నానో తెలీదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. బయట ఎవరో స్కూటర్ తుడుచుకుంటున్నారు. ఈ మాట ప్రపంచంలో ఇప్పటికి నాకొక్కదానికే తెలుసు.

తరవాత గుర్తొచ్చింది. నా థీసిస్ తప్పు.

మార్చి 18, మంగళవారం

ఒకాయన పొరుగూళ్లో కుట్టించుకున్న చొక్కా బిగుతైందని అత్త దగ్గరికి తెచ్చాడు. అత్త కాలర్ తిప్పి చూసి నవ్వింది. "ఇది కుట్టినవాడికి నేర్పినదానికి నేర్పింది నేనే" అంది.

"నీకెలా తెలుసు?"

"ఎడమ మూల చూడు, ఒక కుట్టు ముందే తిప్పేశాడు. అది నా తప్పు. చిన్నప్పుడు పడ్డ అలవాటు, వదల్లేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లకీ అంటుకుంది, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లకీ అంటుకుంది."

"తప్పే ఎందుకు చూస్తావు అత్తా? బాగా కుట్టింది చూసి చెప్పచ్చుగా."

"నీ మొహం. బాగా కుడితే అందరిదీ ఒకేలా ఉంటుందే! ఎవరు ఎవరి శిష్యులో ఏం తెలుస్తుంది? తప్పు చూస్తేనే తెలుస్తుంది."

ఏ జీవికి ఏ జీవి చుట్టమో కనిపెట్టే పద్ధతిని మా ల్యాబ్ సార్ మూడు వారాలు చెప్పారు. ఈవిడ పళ్ల మధ్య గుండుసూది పెట్టుకుని మూడు ముక్కల్లో చెప్పేసింది.

మార్చి 20, గురువారం

అత్త మాట పట్టుకుని వేట మొదలుపెట్టాను. శాస్త్రవేత్తలు పేపరుతో పాటు తమ ప్రోగ్రాములు కూడా నెట్‌లో పెడతారు. అదే తప్పున్న స్క్రిప్టులు వెతికాను. పద్నాలుగు దొరికాయి, ఐదు దేశాల్లో. ఒకదాంట్లో ఒక కామా తేడా, ఇంకోదాంట్లో ఒక ఖాళీ తేడా. ఆ తేడాల్ని బట్టి ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో వంశవృక్షం గీశాను. నత్తలకి గీసినట్టే గీశాను. ఈ తప్పు పిల్లల్ని కంది, మనవల్ని ఎత్తుకుంది!

'ముట్టుకోవద్దు' పద్నాలుగింటిలోనూ ఉంది. ఒక చోట అదేదో సాంకేతిక పదం అనుకుని ఆ మెట్టుకి 'ముట్టుకోవద్దు పద్ధతి' అని పేరే పెట్టేశారు. పేపర్లో కూడా రాశారు: "ముట్టుకోవద్దు పద్ధతిలో అతికాము." నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

ఆ పేపరు పెద్దావిడది. గుహ పురుగులది. నేను డిపో దాకా వెళ్లిపోయిన పేపరు. నవ్వు ఆగిపోయింది.

చెట్టు మొదట్లో ఒక గీత ఖాళీగా ఉంది. మొట్టమొదటి స్క్రిప్టు కావాలి. నా పాత హార్డ్‌డిస్క్‌లో ఉండాలి.

మార్చి 22, శనివారం

హార్డ్‌డిస్క్ దొరకలేదు.

మార్చి 24, సోమవారం

దొరకలేదు. ఇల్లు మారినప్పుడు పోయి ఉంటుంది.

మార్చి 26, బుధవారం

సైలెన్సర్‌కి ఫోన్ చేశాను. "మీ స్క్రిప్టులో తప్పుంది" అని, నా చెట్టు సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. మామూలే.

చివరికి, "ఆ లైను నాది కాదు" అన్నాడు. "నీది. నువ్వు చేరిన ఏడాది నాకు రాసిచ్చావు. పైన నీ పేరు కూడా రాసుకున్నావు. నేనే తీసేశాను."

"ఎందుకు తీశారు?"

"కొత్త పిల్లవి. ఎక్కడైనా బెడిసికొడితే నిన్ను అంటారని."

ఇద్దరమూ సైలెన్సర్లమే అయ్యాం.

"పేరు లేదు కాబట్టి ఎవరికీ తెలీదు," అన్నాడు మళ్లీ. "ఇక్కడికి తెచ్చింది నేను. నా మీద పడనీ. నీకిదే ఆఖరి అవకాశం కదా."

మార్చి 27, గురువారం

దొరకలేదని రెండుసార్లు రాశాను. వెతకలేదు. బీరువాలో స్వెట్టర్ల కింద ఉందని 20వ తారీఖునే నాకు తెలుసు.

ఇవాళ తీశాను. తొమ్మిదేళ్ల కిందటి ఫైలు. పైన నా పేరు, కింద నా లైను. ఆ రోజు గుర్తుంది. జలుబు. ముక్కు తుడుచుకుంటూ, సైలెన్సర్ వెనక నిలబడి తొందరపెడుతుంటే, ఆరుసార్లు పనిచేయక ఏడోసారి పనిచేసింది. ఎందుకు పనిచేసిందో నాకే తెలీలేదు. అందుకే భయపడి రాశాను, ముట్టుకోవద్దని.

జలుబు చేసిన ఒక మధ్యాహ్నం నా వేలు చేసిన పని, మొహం కూడా చూడని వాళ్ల కంప్యూటర్లలో, ఐదు దేశాల్లో, ఇంకా బతుకుతోంది. సిగ్గుతో చచ్చిపోవాలి. సిగ్గుగానే ఉంది. కానీ ఎక్కడో లోపల, చెప్పకూడదు గానీ, ఆశ్చర్యంగా కూడా ఉంది. తొమ్మిదేళ్లు నత్తల్లో వెతికింది ఇదే కదా. ఒక చిన్న తప్పు ఎలా పుడుతుంది, ఎలా దాటుతుంది, ఎంత దూరం వెళ్తుంది. అది నా చేతిలోనే పుట్టిందని తెలీదు.

మార్చి 28, శుక్రవారం

మా సార్‌కి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఇప్పుడే ఎందుకమ్మా? ఇంటర్వ్యూ అయిపోనీ. చేరాక, మెల్లిగా, అందరం కలిసి కనుక్కున్నట్టు చెబుదాం" అన్నారు.

సబబుగానే ఉంది.

మార్చి 30, ఆదివారం

సబబుగానే ఉంది. సైలెన్సర్‌కి అక్కడ పక్కా ఉద్యోగం. ఒక తప్పుతో ఎవరూ తీసెయ్యరు. అతనే పడనీ అన్నాడు. నేను అడగలేదు కదా. నాకిది ఆఖరిది.

మార్చి 31, సోమవారం

అత్త కాలర్ కుడుతోంది. "ఆ ఎడమ మూల తప్పు నీదని ఎవరికీ తెలీదు కదా, ఎందుకు చెప్పుకుంటావు?" అని అడిగాను.

"నాది కాబట్టి" అంది. తల కూడా ఎత్తలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

పంపేశాను. నిన్ననే పంపేదాన్ని గానీ ఏప్రిల్ ఒకటి, వేళాకోళం అనుకుంటారని ఆగాను.

పెద్దావిడకి నేరుగా రాశాను. పద్నాలుగు స్క్రిప్టుల చెట్టు, మొదట్లో నా పేరు, తొమ్మిదేళ్ల కిందటి ఫైలు. మీ పేపర్లో చచ్చిపోయాయన్న జన్యువుల్లో తిరగబడి ఉన్నవన్నీ ఒకసారి మళ్లీ చూడండి, బతికే ఉండొచ్చు, నా నత్తల్లో బతికే ఉంది అని రాశాను. పంపే బటన్ నొక్కాక బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఏప్రిల్ 4

జవాబు లేదు.

ఏప్రిల్ 7

లేదు.

ఏప్రిల్ 8

సైలెన్సర్ మెసేజ్, ఒక్క లైను: "ఇక్కడ ఎవరూ మాట్లాడుకోవట్లేదు, అందరూ పురుగుల్ని మళ్లీ లెక్కపెడుతున్నారు." ఇంత పెద్ద వాక్యం అతని దగ్గర ఎప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 10, గురువారం

ఉదయం పదకొండుకి ఇంటర్వ్యూ. అత్త ఆ గంటసేపు మిషన్ ఆపింది. అడగలేదు, ఆపింది.

తెర మీద ముగ్గురు, మధ్యలో పెద్దావిడ. ఫోటోలో కన్నా చిన్న మనిషి. వెంట్రుకలు చెదిరిపోయి ఉన్నాయి. నా స్లయిడ్లు తెరవనివ్వలేదు. "ముందు ఒక సంగతి చెప్పు," అంది. ఇంగ్లీషే గానీ నాకు మాత్రం అచ్చం అత్త గొంతులా వినిపించింది. "నాలుగేళ్లుగా మేమంతా ఒక మాట అంటున్నాం. కొత్తగా చేరిన వాళ్లకి నేర్పుతున్నాం. అసలు ముట్టుకోవద్దు అంటే ఏమిటి?"

చెప్పాను. చెయ్యి పెట్టద్దు, పనిచేస్తోంది అని అర్థమని చెప్పాను.

ఎవరూ కదల్లేదు. తెర బిగుసుకుపోయిందేమో అనుకున్నాను. తరవాత పక్కన కూర్చున్నాయన నవ్వు ఆపుకోలేక కెమెరా నుంచి పక్కకి తప్పుకున్నాడు. పెద్దావిడ నవ్వలేదు. "అర్థం తెలియకుండానే నాలుగేళ్లు ఆ మాట విన్నాం. ఒక్కరం ముట్టుకోలేదు" అంది.

తరవాత చెప్పింది. పురుగుల జన్యువుల్లో మూడు వంతులు నిజంగానే చచ్చాయి. ఒక వంతు బతికి ఉంది, వెలుగును పట్టే జన్యువు అందులోదే. పేపరు వెనక్కి తీసుకుంటున్నారు. లెక్క కట్టాల్సిన చావు లేనప్పుడు ఆ ప్రాజెక్టు లేదు. నేను అడిగిన ఉద్యోగమూ లేదు. నెమ్మదిగా, కళ్లలోకి చూస్తూ చెప్పింది. నేనే నా కుర్చీ కింద నేల తవ్వుకున్నానన్నమాట. తల ఊపాను.

"డబ్బు ఇచ్చినవాళ్లు నాకు పది రోజులు టైమిచ్చారు, కొత్త ప్రశ్న రాసివ్వమని," అంది. "కళ్లు లేనిది వెలుగు జన్యువుని ఎందుకు దాచుకుంది? నీ నత్త ఏం చేస్తోంది దాంతో?"

"తెలీదు" అన్నాను.

"బతికున్న నత్తని వెలుగులో పెడితే ఎలా ఉంటుంది?"

అప్పుడు వచ్చింది అసలు సిగ్గు. తొమ్మిదేళ్లు. నాకు వచ్చేది ట్యూబుల్లో మందులో నానిన నత్తలు కూడా కాదు, ఫైళ్లలో అక్షరాలు. "నేను బతికున్న నత్తని ఎప్పుడూ చూడలేదండీ."

"నేను కూడా నా పురుగుని చూడలేదు," అంది పెద్దావిడ. "వెళ్లి చూడు. చూసి నాకు రాయి."

ఏప్రిల్ 13, ఆదివారం

గని దగ్గర పంపు మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఇన్నేళ్లూ మా ల్యాబ్‌కి నత్తల్ని వడకట్టి ఇచ్చింది ఆయనే. నేనెప్పుడూ కలవలేదు. ఫోన్ చేస్తే "బతికున్నవా మేడమ్? ఇప్పటిదాకా ఎవరూ అడగలేదే" అన్నాడు. స్టీలు సీసాకి నల్లగుడ్డ చుట్టి మధ్యాహ్నం తెచ్చిచ్చాడు.

అత్త దుకాణం షట్టర్ దించాం. కిటికీలకి కోటు గుడ్డ కొట్టాం. గాజు గిన్నెలో నీళ్లు, నీళ్లలో నాలుగు తెల్ల చుక్కలు. నీటి జీవులు చాలావాటికి ఎరుపు పట్టదు కాబట్టి, మాకు కనపడటానికి మూలన మసక ఎర్ర బల్బు ఒక్కటి ఉంచి, చీకట్లో గంటసేపు ఆగాం. వేడెక్కని చిన్న టార్చి అత్త చేతికిచ్చి, నేను ఫోన్‌లో వీడియో పట్టుకున్నాను.

"కళ్లు లేని దానికి లైటు వేసి చూడ్డమేంటే, పిచ్చి కాకపోతే" అని గొణుగుతూనే పక్కనుంచి వేసింది.

ఒక చుక్క గిన్నె అంచున పాకుతోంది. సన్నటి తల చాచి, తొందరేమీ లేకుండా. నా నత్త. దాని ప్రతి అక్షరమూ నాకు తెలుసు. అది నడుస్తుందని తెలీదు.

వెలుగు దాని మీద పడింది. ఆగింది. తల లోపలికి లాక్కుంది. మళ్లీ మెల్లిగా చాచి, వెలుగుకి వీపు తిప్పింది.

"ఇటునుంచి వెయ్యి అత్తా."

ఇటునుంచి వేసింది. అటు తిరిగింది. టార్చి ఆర్పి అత్త చేతిని మాత్రం అలాగే తిప్పమన్నాను. నత్త కదల్లేదు. మళ్లీ వేసింది, మళ్లీ తిరిగింది. నాలుగు నత్తలు, ఒక్కోదానికి పదిసార్లు. ఫోన్ గిన్నెకి ఆనించి పెట్టాను.

చివరిసారి వెయ్యమంటే అత్త వెయ్యలేదు. టార్చిని అరచేత్తో కప్పేసింది.

"చాల్లే ఆపవే, పాపం! దాని కళ్లలో పడుతోంది!"

అన్నాక తనే నాలిక కరుచుకుంది. ఇద్దరం ఆ చీకట్లో, గిన్నె మీదికి వంగి ఉండిపోయాం.

ఏప్రిల్ 14, సోమవారం

వీడియో పంపాను. కింద అత్త అన్న మాట ఉన్నదున్నట్టు తర్జుమా చేసి పెట్టాను. ఇంకేమీ రాయలేదు. అంతకన్నా బాగా నేను రాయలేను.

ఏప్రిల్ 21, సోమవారం

జవాబు వచ్చింది. కొత్త ప్రశ్నకి డబ్బు ఒప్పుకున్నారు. రెండేళ్లు. సెప్టెంబరు ఒకటిన చేరాలి. చివర్లో: "దాని కళ్లలో పడుతోంది అన్న వాక్యంతో మా ప్రతిపాదన మొదలుపెట్టాం. ఆవిడ ఏమీ అనుకోరు కదా?"

అత్తకి చదివి వినిపించాను. "పెట్టుకోమను" అంది, దారం కొరుకుతూ. "మంచం ఎప్పుడు తీస్తావో అది చెప్పు."

టేపు పట్టుకుని గదిలోకి వచ్చింది. రెండో కొస నన్ను పట్టుకోమంది. గోడ దగ్గర మొదలుపెట్టి మంచం కోడు దాకా వచ్చి ఆగి, అక్కడ సుద్దతో గీత గీసింది.

"గది ఇంకా ఉంది కదా అత్తా. ముందే ఆపేశావేంటి?"

"అలవాటు" అంది.